గొట్టాలు కడిగే పంపులో గులకరాళ్ళ చప్పుడు

గిన్నెలు తోమడం మనకు కొత్త కాదు. పీచు పెట్టి తోముతాం. నీళ్ళు పోసి కడుగుతాం. ఎండలో బోర్లిస్తాం. మరి, చెయ్యి పట్టని గొట్టాన్ని ఎలా తోమాలి?

పాల శీతలీకరణ కేంద్రంలో ఇలాంటి గొట్టాలు చాలా ఉంటాయి. మనం ఊళ్ళో పోసిన పాలు ఆ గొట్టాల గుండానే తొట్టిలోకి పోతాయి. పాలు పోయాక గొట్టం లోపల జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. రేపు అదే గొట్టంలోంచి పోయే మంచి పాలు కూడా చెడిపోతాయి. పాలు విరిగితే ఎవరికి నష్టం? గేదెను మేపిన మనకే నష్టం.

మన రాష్ట్రాల్లో ఆడవాళ్ళే నడుపుకునే పాల సంఘాలు ఉన్నాయి. నేటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో మహిళల సహకార డెయిరీ 2002లో మొదలైంది. పాల కేంద్రాల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. అందుకని ఈ యంత్రం సంగతి మగవాళ్ళకే వదిలేయకూడదు. మనమూ తెలుసుకుందాం.

గొట్టాలను విప్పకుండానే కడుగుతారు. ముందు గోరువెచ్చని నీళ్ళు పారిస్తారు. తరువాత కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళు పారిస్తారు. ఆ నీళ్ళు 70 నుంచి 80 డిగ్రీల వేడి ఉంటాయి. అవి జిడ్డును కోసేస్తాయి. మళ్ళీ మామూలు నీళ్ళు. అప్పుడప్పుడు ఆమ్లం కలిపిన నీళ్ళు కూడా పారిస్తారు. గొట్టంలో గారలా పేరుకున్న పాల పొర దానితో పోతుంది. చివర మంచినీళ్ళతో కడుగుతారు.

ఇక్కడ పీచు పని ఎవరు చేస్తారు? నీటి వేగం చేస్తుంది. గొట్టంలో నీళ్ళు సెకనుకు సుమారు 1.5 మీటర్ల వేగంతో ఉరకాలి. అప్పుడే జిడ్డు ఊడుతుంది. ఆ వేగాన్ని ఇచ్చేది పంపు. పంపు నీరసిస్తే గొట్టం తడుస్తుంది గాని శుభ్రపడదు. పైకి చూస్తే కడిగినట్టే ఉంటుంది. లోపల మురికి అలాగే ఉంటుంది.

ఒక్కోసారి ఆ పంపు లోపల గులకరాళ్ళు పోసి తిప్పినట్టు చప్పుడు వస్తుంది. గరగరమంటుంది. విప్పి చూస్తే లోపల ఒక్క రాయీ ఉండదు. మరి ఆ చప్పుడు ఎక్కడిది?

పంపు నీళ్ళను లాగుతుందా?

కొబ్బరిబోండంలో పుల్ల గొట్టం పెట్టి తాగుతాం. మనం నీళ్ళను లాగుతున్నామని అనుకుంటాం. నిజానికి మనం గొట్టంలో గాలిని మాత్రమే తీసేస్తాం. బోండంలో నీళ్ళ మీద బయటి గాలి బరువు ఉంటుంది. ఆ బరువే నీళ్ళను గొట్టంలోకి తోస్తుంది.

అవును, గాలికి బరువు ఉంది. మన చుట్టూ ఉన్న గాలి అన్నిటినీ నొక్కుతూనే ఉంటుంది. ఈ సంగతిని ఇటలీ దేశపు శాస్త్రవేత్త టారిచెల్లి 1643లో పాదరసం గొట్టంతో చూపించాడు. గాలి ఎంత బలంగా తోసినా నీళ్ళు సుమారు 10 మీటర్ల ఎత్తుకే ఎక్కుతాయి. అంతకు మించి ఎక్కవు. ఎంత పెద్ద పంపు పెట్టినా పైనుంచి లాగి ఎక్కించలేం.

పంపులో చక్రం ఉంటుంది. దాన్ని ఇంపెల్లరు అంటారు. కొందరు ఫ్యాను అంటారు. అది గిర్రున తిరిగి నీళ్ళను బయటికి విసురుతుంది. అప్పుడు చక్రం మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. వెనకాల ఉన్న నీళ్ళను బయటి గాలి అక్కడికి తోస్తుంది. నీళ్ళు వచ్చే గొట్టాన్ని సక్షన్ పైపు అంటారు. నీళ్ళు పోయే గొట్టాన్ని డెలివరీ పైపు అంటారు.

ఎండాకాలంలో బావిలో నీళ్ళు దిగిపోతాయి. అప్పుడు రైతులు మోటారును కూడా కిందికి దించుతారు. ఎందుకు? పంపుకూ నీళ్ళకూ ఎడం పెరిగితే గాలి తోపుడు చాలదు. మన ఊరి బోరింగులోనూ అంతే. చెయ్యి పట్టుకు కొట్టే పిడి పైన ఉంటుంది. నీళ్ళను ఎత్తే సిలిండరు లోతున నీళ్ళలో మునిగి ఉంటుంది.

మంట లేకుండానే మరగడం

నీళ్ళు ఎప్పుడు మరుగుతాయి? 100 డిగ్రీల వేడికి అని బడి పిల్లలు చెబుతారు. అది సముద్రమట్టం దగ్గర మాట. అరకు లోయ ఎత్తు మీద ఉంది. అక్కడ గాలి కాస్త పలచన. అందుకని అక్కడ సుమారు 97 డిగ్రీలకే నీళ్ళు మరుగుతాయి. పైన నొక్కేది తగ్గితే నీళ్ళు తొందరగా ఆవిరవుతాయి.

ప్రెషర్ కుక్కరులో దీనికి తిరుగుడు. మూత బిగించాక లోపల ఒత్తిడి పెరుగుతుంది. నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది.

ఇప్పుడు పంపు దగ్గరికి రండి. చక్రం మధ్యలో ఒత్తిడి తక్కువ అని చెప్పుకున్నాం. అది మరీ తగ్గిపోతే ఏమవుతుంది? అక్కడ మంట లేదు. అయినా నీళ్ళు మరుగుతాయి. చిన్న చిన్న ఆవిరి బుడగలు పుడతాయి. ఈ జబ్బును మెకానిక్కులు కావిటేషన్ అంటారు. మనం బుడగల జబ్బు అందాం.

బుడగ నలిగితే లోహం పోతుంది

బుడగలు పుట్టిన చోటే ఉండవు. నీళ్ళతో పాటు చక్రం అంచు వైపు పోతాయి. అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఆవిరి మళ్ళీ నీరవుతుంది. బుడగ ఉన్నచోటు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళు నాలుగు వైపులనుంచీ ఆ ఖాళీలోకి దూకుతాయి. ఒకదాన్నొకటి ఢీకొంటాయి. రెండు చేతులతో చప్పట్లు కొట్టినట్టే. చక్రానికి ఆనుకుని ఉన్న బుడగైతే, నీళ్ళు సన్నని సూదిలా వచ్చి లోహాన్ని పొడుస్తాయి.

ఒక్క బుడగ దెబ్బ ఏమంత పెద్దది కాదు. కాని అలాంటివి క్షణానికి ఎన్నో. ఆ దెబ్బల చప్పుడే మనకు గులకరాళ్ళలా వినిపిస్తుంది. చుక్క చుక్క పడితే రాయి కూడా అరుగుతుంది కదా. అలాగే చక్రం మీద ముందు గరుకు వస్తుంది. తరువాత స్ఫోటకం మచ్చల్లా గుంటలు పడతాయి. చివరికి చిల్లులు పడతాయి. స్టీలు చక్రమైనా తప్పదు. పంపు వణుకుతుంది. ఆ వణుకుకు బేరింగులు పాడవుతాయి. సీలు దగ్గర నీళ్ళు కారుతాయి.

ఈ జబ్బు ముందుగా ఓడలకు పట్టింది. ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ అనే ఇంజనీరు 1894లో టర్బీనియా అనే ఓడను నీళ్ళలోకి దించాడు. దాని యంత్రానికి బలం చాలా ఉంది. కాని ఓడ అనుకున్నంత వేగంగా పోలేదు. ఓడ వెనక రెక్కల చక్రం అతి వేగంగా తిరిగి బుడగలు పుట్టిస్తోందని తేలింది. ఆయన 1895లో చిన్న నీళ్ళ తొట్టి కట్టి, అందులో చక్రం తిప్పి, ఆ బుడగలను కంటితో చూశాడు. తరువాత ఒక చక్రం తీసేసి మొత్తం తొమ్మిది చక్రాలు పెట్టాడు. పని పంచితే బుడగలు తగ్గాయి. 1897లో ఆ ఓడ గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తింది. బుడగ నలిగినప్పుడు ఎంత ఒత్తిడి పుడుతుందో 1917లో రేలీ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు.

వేడినీళ్ళతో అసలు చిక్కు

పొలం పంపు చన్నీళ్ళు తోడుతుంది. పాల కేంద్రం పంపు వేడినీళ్ళు తిప్పుతుంది. తేడా ఇక్కడే ఉంది. చిన్న లెక్క చూద్దాం.

గాలి తోపుడును మన చేతిలో ఉన్న 10 రూపాయలు అనుకోండి. ఒక మీటరుకు ఒక రూపాయి. నీళ్ళ వేడి అందులోంచి కొంత తినేస్తుంది.

30 డిగ్రీల నీళ్ళు అర్ధ రూపాయి కూడా తినవు.
60 డిగ్రీల నీళ్ళు 2 రూపాయలు తింటాయి.
80 డిగ్రీల నీళ్ళు దాదాపు 5 రూపాయలు తింటాయి.
90 డిగ్రీల నీళ్ళు 7 రూపాయలకు పైగా తింటాయి.

80 డిగ్రీల దగ్గర మన చేతిలో 5 మిగిలాయి. పంపు తన కోసం 3 అడిగిందనుకోండి. ఇది పంపును బట్టి మారుతుంది. పంపుతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. గొట్టంలో రాపిడికి ఒకటి పోతుంది. ఇక మిగిలింది ఒకే ఒక్కటి. ఇంతలో జల్లెడ మూసుకుపోయింది. మిగిలిన ఆ ఒక్కటీ పోయింది. అప్పు పడ్డాం. బుడగలు మొదలయ్యాయి.

అందుకే కొన్ని కేంద్రాల్లో చన్నీళ్ళు పారేటప్పుడు పంపు నిమ్మళంగా ఉంటుంది. వేడినీళ్ళు రాగానే గరగరమంటుంది. అందుకే వేడినీళ్ళ తొట్టిని పంపు కంటే ఎత్తులో పెడతారు. తొట్టి ఎత్తుగా ఉంటే మన లెక్కలో జమ పెరుగుతుంది. తొట్టి కిందా పంపు పైనా ఉంటే ఖర్చు పెరుగుతుంది.

ఏ చప్పుడు దేనిది?

పంపులో చప్పుడు వస్తే అన్నీ ఒకటే జబ్బు కాదు. మూడు రకాలు గుర్తుపెట్టుకుందాం.

ఒకటి, బుడగల జబ్బు. గులకరాళ్ళ చప్పుడు. ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు వణుకుతుంది. వేడి పెరిగితే చప్పుడు పెరుగుతుంది. డెలివరీ వాల్వును కొంచెం మూస్తే చప్పుడు తగ్గుతుంది.

రెండు, గాలి దూరడం. సక్షన్ పైపు అతుకుల్లోంచి బయటి గాలి లోపలికి పోతుంది. చప్పుడు కాస్త మెత్తగా ఉంటుంది. తిరిగి వచ్చే నీళ్ళలో నురగ, బుడగలు కనిపిస్తాయి. ఒక్కోసారి పంపు నీళ్ళు వదిలేసి ఊరికే తిరుగుతుంది.

మూడు, బేరింగు అరుగుదల. చప్పుడు ఒకే తీరుగా కూతలా ఉంటుంది. వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ తేడా ఉండదు. వాల్వు మూసినా తగ్గదు.

ఒక్కొక్కటే చూద్దాం

పాల కేంద్రంలో పనిచేసే ఒక అక్క, పంపులు బాగుచేసే ఫిట్టరుతో మాట్లాడుతోందని అనుకుందాం.

“అన్నా, పోయిన ఏడాదే చక్రం మార్చారు. మళ్ళీ గుంటలు పడ్డాయట. కొత్త పంపే కొనాలంటున్నారు.”

“తొందరపడకు చెల్లెమ్మా. చక్రం మార్చారు సరే, చక్రాన్ని తిన్నదేమిటో చూశారా?”

“లేదన్నా.”

“అది చూడకుండా కొత్త పంపు పెడితే దాన్నీ తింటుంది. పంపును విప్పే ముందు సక్షన్ వైపు చూడాలి.”

ఫిట్టరు చెప్పిన వరుస ఇది.

1. తొట్టిలో నీటి మట్టం చూడండి. మట్టం తగ్గితే తూము దగ్గర సుడి తిరుగుతుంది. ఆ సుడిలోంచి గాలి పోతుంది. తొట్టి నింపండి.

2. సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా చూడండి. సగం మూసి ఉంటే పంపు గొంతు నొక్కినట్టే.

3. జల్లెడ చూడండి. గారపెచ్చులు, రబ్బరు ముక్కలు, దారపు పోగులు అడ్డుపడతాయి. ఎక్కువసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు.

4. వేడి ఎంతో చూడండి. కావలసింది 75 డిగ్రీలు. ఉన్నది 90 అయితే దించండి. ఎక్కువ వేడి అయితే ఎక్కువ శుభ్రం అనుకోవద్దు. పంపు సరిగా తోయకపోతే ఆ వేడి కూడా వృథాయే.

5. డెలివరీ వైపు చూడండి. పాల తొట్టి లోపల నీళ్ళు చిమ్మే చిల్లుల బంతి ఉంటుంది. అది ఊడిపోతే నీళ్ళు అడ్డు లేకుండా పోతాయి. పంపు తన శక్తికి మించి నీళ్ళు విసురుతుంది. అప్పుడూ బుడగలు పుడతాయి.

6. ఈమధ్య ఏం మార్చారో అడగండి. సన్నని గొట్టం వేశారా? కొత్త మలుపులు పెట్టారా? సక్షన్ పైపు పొడుగు చేశారా? మోటారు వేగం పెంచారా? సక్షన్ గొట్టం పొట్టిగా, లావుగా, తిన్నగా ఉండాలి.

“డెలివరీ వాల్వు కొంచెం మూస్తే చప్పుడు ఆగుతుంది కదన్నా. అలాగే ఉంచేస్తే పోలేదా?”

“పోదమ్మా. నీళ్ళ వేగం తగ్గిపోతుంది. గొట్టంలో జిడ్డు మిగులుతుంది. అది రోగం కనిపెట్టడానికి పనికొస్తుంది. మందు మాత్రం కాదు.”

“మరి సక్షన్ వాల్వు మూస్తే?”

“ఎప్పుడూ మూయొద్దు. జబ్బు ఇంకా ముదురుతుంది.”

చూశారా? ఆ అక్క అడిగినవి మంచి ప్రశ్నలు. చప్పుడు ఆగితే చాలు అనుకోకూడదు. పంపుకు నొప్పి పోవాలి. గొట్టం కూడా శుభ్రం కావాలి. రెండూ జరిగితేనే బాగుచేసినట్టు.

ముందు మన ప్రాణం

పంపు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. కన్ను పోతే రాదు. ఈ మాటలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

జల్లెడ విప్పే ముందు మోటారు ఆపాలి. మెయిన్ స్విచ్చి కూడా ఆపాలి. మనం పనిలో ఉండగా ఇంకెవరూ స్విచ్చి వేయకుండా తాళం వేయాలి. తాళం లేకపోతే మనిషిని కాపలా పెట్టాలి.

లోపల ఉన్నది మామూలు నీళ్ళు కాదు. కాస్టిక్ సోడా కలిసిన వేడినీళ్ళు. చర్మం కాలుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. వాల్వులు మూసి, ఒత్తిడి తీసేసి, నీళ్ళు కారిపోయి చల్లారాకే విప్పాలి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు ఉండాలి. ఇవి ఇవ్వమని అడగడం మన హక్కు.

ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పోసి కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి ఆగకుండా నీళ్ళతో కడగాలి. కనీసం 20 నిమిషాలు కడగాలి. ఆ తరువాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

కలిపేటప్పుడు కాస్టిక్‌ను చన్నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే భగ్గున మరిగి మొహం మీదికి చిందుతుంది.

తిరిగే పంపు దగ్గరికి పోయేటప్పుడు చీర కొంగు బిగించి దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. మోటారుకు కరెంటు పని ఉంటే అది తెలిసినవాళ్ళే చేయాలి.

నోటుబుక్కు కూడా ఒక పనిముట్టే

పంపు ఒక్కరోజులో పాడవదు. ముందే చెబుతుంది. ఆ మాటను మనం రాసి పెట్టుకోవాలి. పంపు దగ్గర గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీయండి. రోజూ నాలుగు సంగతులు రాయండి. తేదీ, నీళ్ళ వేడి, గడియారంలో ముల్లు ఉన్న అంకె, చప్పుడు ఎలా ఉంది. జల్లెడ కడిగిన రోజు కూడా రాయండి.

నెల తిరిగేసరికి ఆ కాగితాలే మాట్లాడతాయి. జల్లెడ కడిగిన పది రోజులకు చప్పుడు వస్తోందని తెలిసిందనుకోండి. అప్పుడు ఎనిమిదో రోజునే కడుగుతాం. 80 డిగ్రీలు దాటితేనే చప్పుడు వస్తోందని తెలిసిందనుకోండి. తొట్టిని ఎత్తు మీద పెట్టమని సంఘం మీటింగులో అడుగుతాం. “పంపు ఏదోలా అరుస్తోంది” అంటే ఎవరూ వినకపోవచ్చు. తేదీ, అంకె వేసి చూపిస్తే కాదనలేరు.

వేల రూపాయలు పోసి పంపు కొనే ముందు, గుప్పెడు చెత్త పట్టిన జల్లెడ కడిగి చూడాలి. ఆ సంగతి చెప్పడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. వినే చెవి కావాలి. రాసే చెయ్యి కావాలి. రెండూ మనకు ఉన్నాయి.

చెప్పండి చూద్దాం

1. మంట లేకుండా పంపులో నీళ్ళు ఎందుకు మరుగుతాయి?
2. చన్నీళ్ళకు రాని చప్పుడు వేడినీళ్ళకు ఎందుకు వస్తుంది?
3. బుడగల జబ్బుకూ బేరింగు చప్పుడుకూ తేడా ఎలా కనిపెడతారు?
4. జల్లెడ విప్పే ముందు చేయవలసిన పనులు వరుసగా రాయండి.
5. మీ ఊళ్ళో పంపు ఎక్కడ ఉంది? అది నీళ్ళకు పైన ఉందా, కింద ఉందా? చూసి వచ్చి రాయండి.